గుండె గీసిన గీతకు ఏ అంకె వేయాలి?



ఒక పరీక్షనాళికలో సున్నపుతేట పోసి, గాజుగొట్టంతో మెల్లగా ఊదండి. కొద్దిసేపటికి తేట పాలలా తెల్లబడుతుంది. ఇప్పుడు మీ ప్రయోగాల రికార్డు తెరిచి 'పరిశీలన' అనే గడిలో ఏమి రాస్తారు? చాలామంది 'కార్బన్ డై ఆక్సైడ్ వెలువడింది' అని రాస్తారు. అక్కడ మాస్టారి ఎర్ర సిరా గీత పడుతుంది. ఎందుకంటే కార్బన్ డై ఆక్సైడును మీరు కంటితో చూడలేదు. మీరు చూసింది తేట తెల్లబడడం మాత్రమే. అది పరిశీలన. దానికి కారణం కార్బన్ డై ఆక్సైడు అని ఆలోచించి తేల్చడం నిర్ధారణ. దాని గడి వేరు.

ఈ రెండు గడుల తేడా మార్కులకోసం మాస్టార్లు కల్పించింది కాదు. ఆస్పత్రిలో గుండె పరీక్ష కాగితం మీద కూడా ఇవే రెండు గడులున్నాయి. ఏ మాట ఏ గడిలో పడుతుందనే దానిమీద ఒక మనిషి వాడవలసిన మందులు, ఆడదగిన ఆటలు, ఒక్కొక్కప్పుడు ప్రాణం కూడా ఆధారపడతాయి. ఆ సంగతి ఎలాంటిదో చూద్దాం.

గుండెలో కరెంటు

మన గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది. ఆ లెక్కన రోజుకు లక్ష సార్లు దాటుతుంది. ప్రతిసారీ 'కొట్టుకో' అని దానికి చెప్పేదెవరు? గుండెలోనే ఒక చిన్న కణజాలపు ముద్ద ఉంది. కుడి కర్ణిక పైభాగాన ఉండే దీనిని సిరాకర్ణికా కణుపు అంటారు. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ ముందు కర్ణికలంతటా పాకుతుంది. కర్ణికలు ముడుచుకుంటాయి. తరువాత ఆ ప్రేరణ కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న మరొక కణుపు దగ్గర క్షణంలో పదోవంతు సేపు ఆగుతుంది. ఈ ఆలస్యం వల్లనే కర్ణికలలోని రక్తం జఠరికలలోకి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. ఆ పైన ప్రేరణ హిస్ కట్ట ద్వారా, పర్కింజీ తంతువుల ద్వారా జఠరికల గోడలకు చేరుతుంది. జఠరికలు బలంగా ముడుచుకొని రక్తాన్ని ఊపిరితిత్తులకూ శరీరానికీ పంపుతాయి.

మన శరీరమంతా ఉప్పునీరు గల తడి పదార్థమే గనుక ఈ విద్యుత్తు చర్మం దాకా వస్తుంది. అయితే చర్మం మీద దాని బలం సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటులో వేసే బ్యాటరీ బలంలో 1500వ వంతు అన్నమాట! అంత సన్నని విద్యుత్తును కొలవడం ఎలా?

270 కిలోల యంత్రం

1887లో లండనులోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో అగస్టస్ వాలర్ అనే శాస్త్రజ్ఞుడు మొదటిసారిగా మనిషి గుండె విద్యుత్తును చర్మం మీదనుంచే నమోదు చేశాడు. తన పెంపుడు కుక్క జిమ్మీ చేత కాళ్లను ఉప్పునీటి గిన్నెలలో పెట్టించి, అందరి ముందూ ఈ ప్రయోగం చూపించేవాడు. కుక్కను హింసిస్తున్నారా అని 1909లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న కూడా వచ్చింది. జిమ్మీకి మాత్రం కాళ్లు తడవడం తప్ప మరో కష్టం లేదు.

వాలర్ వాడిన పరికరం మందకొడిది. అందులో గీత స్పష్టంగా వచ్చేది కాదు. ఆ లోటు తీర్చినవాడు హాలెండు దేశస్థుడు విలెమ్ ఐంథోవెన్. ఇతడు 1860లో జావా దీవిలో పుట్టాడు. లైడెన్ నగరంలో ఆచార్యుడుగా పనిచేశాడు. వెండిపూత పూసిన అతి సన్నని క్వార్ట్జ్ దారాన్ని బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య వేలాడదీశాడు. గుండె విద్యుత్తు ఆ దారంలో ప్రవహించినప్పుడు దారం అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలిక నీడను ఫోటో తీస్తే గుండె గీత వస్తుంది. దీనికే తంతు గాల్వనోమీటరు అని పేరు. బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావలసివచ్చేది. రోగి రెండు చేతులనూ ఒక కాలునూ ఉప్పునీటి పాత్రలలో పెట్టి కూర్చునేవాడు.

ఇంత బరువైన యంత్రాన్ని ఆస్పత్రికి మోసుకుపోలేరు కదా! అందుకని 1905లో ఐంథోవెన్ ఆస్పత్రిలోని రోగి గుండె విద్యుత్తును టెలిఫోన్ తీగమీదుగా సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించాడు. రోగి ఒకచోట, అతని గుండె గీత మరొకచోట! గీతను చదివేవాడికి రోగి కనబడడు. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు కావాలి. ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది. ఈనాడు అదే పని చేసే ఇ.సి.జి. యంత్రాన్ని చంకన పెట్టుకొని తీసుకువెళ్లవచ్చు.

గళ్ల కాగితం చదవడం

ఇ.సి.జి. కాగితం మీ గ్రాఫు కాగితం లాంటిదే. మామూలుగా అది సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. కాబట్టి అడ్డంగా ఒక చిన్న గడి, అంటే ఒక మిల్లీమీటరు, 0.04 సెకను. ఐదు చిన్న గళ్లు కలిసిన పెద్ద గడి 0.2 సెకను. నిలువుగా పది మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు.

గీతలో మొదట వచ్చే చిన్న గుట్ట పి తరంగం. అది కర్ణికలలో విద్యుత్తు పాకడం. తరువాత క్యూ, ఆర్, ఎస్ అనే సూది మొన. అది జఠరికల వంతు. చివరి గుట్ట టి తరంగం. జఠరికలు తిరిగి సిద్ధమవుతున్నాయని దాని అర్థం. ఈ పేర్లు ఐంథోవెన్ పెట్టినవే.

గుండె వేగం లెక్కగట్టడం మీరూ నేర్చుకోవచ్చు. ఒక సూది మొననుంచి మరొక సూది మొనదాకా ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కించి, 300ను ఆ సంఖ్యతో భాగించండి. నాలుగు గళ్లుంటే 300ను 4తో భాగించగా 75. అంటే నిమిషానికి 75 సార్లు. 300 ఎక్కడిదంటారా? ఒక నిమిషంలో 0.2 సెకన్లు ఎన్ని ఉన్నాయో లెక్కవేయండి, తెలుస్తుంది.

'అసాధారణం' అంటే జబ్బేనా?

ఇలా కొలిచిన కొలతలకు మామూలు హద్దులున్నాయి. ఉదాహరణకు, పి మొదలునుంచి సూది మొన మొదలు దాకా పెద్దవారిలో 0.12 నుంచి 0.20 సెకను. విశ్రాంతిలో పెద్దవారి గుండె వేగం 60 నుంచి 100. హద్దు దాటితే ఆ ఫలితాన్ని 'అసాధారణం' అంటారు. ఈ మాట వినగానే 'అయితే గుండె జబ్బే!' అని ఇంట్లో అందరూ బెంబేలెత్తిపోతారు. కాని నిదానంగా చూడాలి.

దూరపు పరుగులు సాధన చేసేవారి గుండె విశ్రాంతిలో నిమిషానికి 50 సార్లకన్నా తక్కువే కొట్టుకోవచ్చు. అది జబ్బు కాదు, బలమైన గుండె లక్షణం. చిన్నపిల్లలలో రొమ్ము కుడివైపున ఉంచే ఎలక్ట్రోడుల గీతలో టి తరంగం తలకిందులుగా ఉండడం సహజం. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో అది నిటారుగా మారుతుంది. అదే తలకిందుల గీత యాభై ఏళ్ల మనిషిలో కనబడితే డాక్టరు కారణం వెతుకుతాడు. చూశారా? బొమ్మ ఒకటే. వయసు తెలియకపోతే దాని అర్థమే తెలియదు.

కుడిచేతి తీగ ఎడమచేతికి, ఎడమచేతి తీగ కుడిచేతికి తగిలించారనుకోండి. ఒక గీత మొత్తం తలకిందులై, గుండె రొమ్ములో కుడివైపున ఉందా అన్న అనుమానం కలిగిస్తుంది. గుండె తన చోటునే ఉంది, తీగలే మారాయి!

దీనికి వ్యతిరేకమైన సంగతి కూడా ఉంది. మామూలు ఇ.సి.జి. పది సెకన్ల కొలత. రోజులో అలాంటి పది సెకన్లు 8640 ఉన్నాయి. ఆ ఒక్క పది సెకన్లలో గీత బాగున్నంత మాత్రాన మిగతా 8639 సార్లూ బాగానే ఉందని చెప్పలేము.

కనుక 'ఇ.సి.జి. అసాధారణం' అన్నది సున్నపుతేట తెల్లబడిందనడం వంటిది. అది పరిశీలన. జబ్బు పేరు నిర్ధారణ.

జబ్బులకు అంకెలెందుకు?

మన ఊళ్లలో ఒకే సంగతిని కామెర్లు, పచ్చకామెర్లు, జాండిస్ అని మూడు పేర్లతో పిలుస్తాం. 'గుండెనొప్పి' అనే ఒక్క మాటను ఒకరు రొమ్ములో నొప్పికీ, మరొకరు గుండెపోటుకూ వాడతారు. ఒక ఊళ్లోనే ఇలా ఉంటే, ఇన్ని దేశాల, ఇన్ని భాషల డాక్టర్లు రాసిన కాగితాలను ఒకచోట చేర్చి లెక్కించడం ఎలా?

ఈ చిక్కు పాతదే. 1662లో లండనులో జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు నగరంలోని మరణాల పట్టికలను లెక్కగట్టి పుస్తకం ప్రచురించాడు. ఆ పట్టికలలో 'ముసలితనం', 'హఠాత్తుగా' అన్నవి కూడా మరణకారణాలే! 19వ శతాబ్దంలో ఇంగ్లండులోనే విలియం ఫార్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు, జబ్బుల పేర్లు అందరికీ ఒకటిగా ఉండాలని పట్టుబట్టాడు. 1893లో ప్యారిస్ నగర గణాంకశాఖ అధిపతి జాక్ బెర్తియోఁ మరణకారణాల అంతర్జాతీయ జాబితాను తయారుచేసి చికాగో సమావేశంలో సమర్పించాడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పని చేపట్టి, మరణకారణాలకే గాక జబ్బులన్నిటికీ అంకెలు కేటాయించింది. ఆ జాబితానే ఐ.సి.డి. అంటారు. పదవ కూర్పు 1990లో ఆమోదం పొందింది. పదకొండవ కూర్పు 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అమెరికా పదవ కూర్పును తన అవసరాలకు విస్తరించుకొని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. అందులో సుమారు 70 వేల అంకెలున్నాయి.

మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. డాక్టరు రాసే మరణకారణ పత్రంలో ఒక హెచ్చరిక ఉంటుంది. గుండె ఆగడం వంటి, చావు వచ్చిన తీరును కారణంగా రాయవద్దని దాని సారాంశం. మనవాళ్లు 'గుండె ఆగి చనిపోయాడు' అంటారు కదా! చనిపోయిన ప్రతివారి గుండే ఆగుతుంది. అది ఎందుకు ఆగిందో చెబితేనే అది కారణం.

అంకెలో చిరునామా

అమెరికా కూర్పులో గుండె, రక్తనాళాల జబ్బుల అంకెలు చాలావరకు 'ఐ' అక్షరంతో మొదలవుతాయి. పి తరంగాలు లేకుండా గుండె అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు ఏ రకమో చెప్పనప్పుడు దానికి ఐ 48.91. ఇవి నిర్ధారణ గడిలోని అంకెలు.

ఈ పుస్తకం తయారుచేసినవారు పరిశీలన గడిని కూడా మరచిపోలేదు. దానికి 'ఆర్' అక్షరం కేటాయించారు. లక్షణాలు, అసాధారణ పరీక్షా ఫలితాలు, ఇంకా కారణం తేలనివి అన్నీ అక్కడే. కారణం తెలియని జ్వరానికి ఆర్ 50.9. మనం జబ్బు అనుకునే కామెర్లు కూడా కారణం తేలేదాకా ఈ అధ్యాయంలోనే, ఆర్ 17 గా ఉంటాయి. స్పృహ తప్పి పడిపోవడం ఆర్ 55.

మన అసాధారణ ఇ.సి.జి. అంకె ఆర్ 94.31. ఇది ఇంటి చిరునామా వంటిది. జిల్లా, మండలం, ఊరు, ఇంటి నెంబరు ఉన్నట్లే, 'ఆర్' అంటే లక్షణాలు, ఫలితాల అధ్యాయం. '94' అంటే అవయవాలు పనిచేసే తీరును చూసే పరీక్షలలో అసాధారణ ఫలితం. చుక్క తరువాత 2 ఉంటే ఊపిరితిత్తులు, 3 ఉంటే గుండె, రక్తనాళాలు, 4 ఉంటే మూత్రపిండాలు, 5 ఉంటే కాలేయం. చివరి 1 ఇ.సి.జి.ని తెలుపుతుంది. కదిలే పట్టీ మీద నడిపించి చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష ఫలితం అసాధారణమైతే చివర 1కి బదులు 9 వేసి ఆర్ 94.39 అంటారు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. ధ్వని తరంగాలతో గుండెను చూసే 'ఎకో' పరీక్ష ఫలితం అసాధారణమైతే అది 94లో చేరదు. దాని అంకె ఆర్ 93.1. ఇ.సి.జి. గుండె పనిని కొలుస్తుంది. ఎకో గుండె బొమ్మను చూపుతుంది. పనికి ఒక గది, బొమ్మకు ఒక గది!

ఒకే గీత, రెండు అంకెలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. క్యూ మొదలునుంచి టి చివరి దాకా పట్టే కాలాన్ని క్యూటీ అంటారు. గుండె వేగంగా కొట్టుకుంటే క్యూటీ పొట్టిదవుతుంది, నెమ్మదిస్తే పొడుగవుతుంది. అందుకని వేగంతో సరిచూసుకోవడానికి 1920లో బాజెట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక సూత్రం చెప్పాడు: క్యూటీని, రెండు సూది మొనల మధ్య కాలం యొక్క వర్గమూలంతో భాగించాలి.

రాము గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోంది అనుకుందాం. మొనల మధ్య కాలం 1 సెకను. వర్గమూలం 1. క్యూటీ 0.40 అయితే సరిచేసిన విలువ కూడా 0.40. ఇది మామూలే. సీత గుండె నిమిషానికి సుమారు 94 సార్లు కొట్టుకుంటోంది. మొనల మధ్య కాలం 0.64 సెకను. వర్గమూలం 0.8. ఆమెకూ క్యూటీ 0.40 అయితే, 0.40ని 0.8తో భాగించగా 0.50. వయసును బట్టి, ఆడా మగా అనేదాన్ని బట్టి హద్దు 0.44, 0.46 సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి సీత క్యూటీ పొడుగే. ఒకే 0.40 ఒకరికి మామూలు, మరొకరికి అసాధారణం! గుండె వేగం రాయకుండా 'క్యూటీ 0.40' అని మాత్రమే రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

సరే, సీత వయసు 13. వాంతులు, విరేచనాలతో నీరసించి బడిలో స్పృహ తప్పి పడిపోయింది. ఇ.సి.జి.లో క్యూటీ పొడుగ్గా వచ్చింది. ఎందుకు? ఒంట్లో పొటాషియం తగ్గి ఉండవచ్చు. వాడుతున్న మందు కారణం కావచ్చు. ఎరిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లకూ, క్లోరోక్విన్ వంటి కొన్ని మలేరియా మందులకూ ఆ గుణం ఉంది. లేదా పుట్టుకతో వచ్చే 'లాంగ్ క్యూటీ సిండ్రోమ్' అనే జబ్బు కావచ్చు.

ఈ మూడవది ప్రమాదకరమైనది. 1957లో నార్వే డాక్టర్లు జెర్వెల్, లాంగే-నీల్సన్ ఒక కుటుంబాన్ని గురించి రాశారు. ఆ ఇంట్లో ఆరుగురు పిల్లలు. నలుగురికి పుట్టుచెవుడు; వారికి మాటిమాటికి స్పృహ తప్పేది, ఇ.సి.జి.లో క్యూటీ పొడుగ్గా ఉండేది. ఆ నలుగురిలో ముగ్గురు చిన్న వయసులోనే హఠాత్తుగా మరణించారు. ఆ డాక్టర్లు పిల్లల వినికిడినీ, మూర్ఛలనూ, గుండె గీతనూ కలిపి వివరంగా నమోదు చేయబట్టే, ఇది ఒక ప్రత్యేకమైన జబ్బు అని లోకానికి తెలిసింది.

అంకెల పుస్తకంలో 'ఇ.సి.జి.లో క్యూటీ పొడుగు' అన్న పరిశీలనకు ఆర్ 94.31. 'లాంగ్ క్యూటీ సిండ్రోమ్' అన్న నిర్ధారణకు ఐ 45.81. రెండింటినీ ఒక్కచోట కలిపి వేయరాదని పుస్తకంలోనే రాసి ఉంది.

సీత డాక్టరు 'క్యూటీ పొడుగుగా ఉంది, కారణం చూడాలి' అని రాస్తే, అంకె వేసేవారు తొందరపడి ఐ 45.81 వేశారనుకోండి. ఆ క్షణంనుంచి కాగితం మీద సీతకు వంశపారంపర్యంగా వచ్చే గుండె జబ్బు ఉన్నట్లే. ఆటలు మాన్పిస్తారు. తమ్ముడికీ చెల్లెలికీ పరీక్షలు చేయిస్తారు. బీమా కంపెనీ అనుమానిస్తుంది. తరువాత చూసే డాక్టరు కూడా ఆ అంకెనే నమ్ముతాడు. అసలు కారణం నాలుగు రోజుల విరేచనాలే అయి ఉండవచ్చు!

మరోవైపు చూడండి. సీతకు నిజంగా ఆ జబ్బే ఉంది. డాక్టరు 'ఇ.సి.జి. తీశాము' అని మాత్రమే రాసి ఊరుకున్నాడు. అంకె పడలేదు. ఆరునెలల తరువాత మరో ఊళ్లో మరో డాక్టరు, క్యూటీని ఇంకా పొడిగించే మందు ఇస్తే? చేయని తప్పుకు ఆ పిల్ల ప్రాణం మీదికి వస్తుంది. ఆర్ 94.31 ఉన్నట్లయితే అది 'ఇక్కడ ఒక ప్రశ్న మిగిలి ఉంది, మళ్లీ చూడండి' అని చెప్పే గుర్తు అవుతుంది.

తరువాత పొటాషియం సరిచేసి, మళ్లీ ఇ.సి.జి. తీసి, కుటుంబ చరిత్ర అడిగి, అవసరమైతే జన్యుపరీక్ష చేయించి, జబ్బు ఇదేనని డాక్టరు తేల్చిన రోజున 'ఆర్' తీసి 'ఐ' వేస్తారు. అంకె మారిందని మొదటిది తప్పు అనుకోకండి. ఆనాటికి తెలిసింది అంతే.

హైదరాబాదులో కూర్చొని

ఆస్పత్రి కాగితాలు చదివి ఈ అంకెలు వేసే పనిని మెడికల్ కోడింగ్ అంటారు. అమెరికా ఆస్పత్రుల కాగితాలకు అంకెలు వేసే యువతీయువకులు మన హైదరాబాదులో, చెన్నైలో వేలాదిమంది ఉన్నారు. జీవశాస్త్రం, ఫార్మసీ, నర్సింగ్ చదివినవారు చాలామంది ఈ పనిలో చేరుతున్నారు. మీ వీధిలో అక్కయ్యో అన్నయ్యో ఈ పనిలో ఉండవచ్చు, అడిగి చూడండి. ఐంథోవెన్ రోగి ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఉండేవాడు. వీరి రోగి సముద్రాల అవతల ఉంటాడు. రోగి మొహం చూడరు, మాట వినరు. వారికి దొరికేది కాగితం మీద మాటలు మాత్రమే.

అందుకే వారికి గట్టి నియమాలున్నాయి. మొదటిది, కోడరు స్వయంగా గీతను చూసి జబ్బు పేరు పెట్టకూడదు. ఈనాటి ఇ.సి.జి. యంత్రం తానే కాగితం మీద ఒక అభిప్రాయం అచ్చువేస్తుంది. డాక్టరు ఒప్పుకొని రాసేవరకు దానికీ విలువ లేదు. రెండవది, బయటిరోగి విషయంలో డాక్టరు 'కావచ్చు', 'అనుమానం' అని రాస్తే ఆ జబ్బు అంకె వేయరాదు. చూసిన లక్షణానికో, పరీక్షా ఫలితానికో వేయాలి. ఆస్పత్రిలో చేరిన రోగికి మాత్రం అమెరికా నియమం వేరు. ఇంటికి పంపేనాటికి కూడా తేలకుండా 'కావచ్చు' అని మిగిలిన జబ్బును అక్కడ ఉన్నట్లుగానే లెక్కిస్తారు. మూడవది, జబ్బు తేలిపోయిన తరువాత దానిలో భాగమైన లక్షణానికి వేరే అంకె అక్కరలేదు.

కాగితం అర్థం కాకపోతే కోడరు డాక్టరుకు ప్రశ్న పంపాలి. అదీ ఒక పద్ధతిలో. 'ఇది ఫలానా జబ్బే కదా?' అని జవాబు నోటికందించేలా అడగరాదు. 'ఇ.సి.జి.లో ఈ మార్పు ఉన్నట్లు రాశారు. దీని ప్రాముఖ్యం ఏమిటో తెలపగలరా?' అని అడగాలి. ఎందుకింత జాగ్రత్త? అమెరికాలో బీమా కంపెనీలు డబ్బు చెల్లించేటప్పుడు ఈ అంకెలనే చూస్తాయి. పెద్ద జబ్బు అంకె వేస్తే ఎక్కువ డబ్బు వస్తుందని లేని జబ్బు రాస్తే అది మోసం.

మరి డాక్టరు ఏమేమి రాయాలి? రోగి వయసు, బాధ ఏమిటి, పరీక్ష ఎందుకు చేయించారు, వాడుతున్న మందులేమిటి, గుండె వేగమెంత, ఏ గీతలో ఏ మార్పు కనబడింది, పాత ఇ.సి.జి. ఉంటే దానికీ దీనికీ తేడా ఏమిటి, దానిమీద తన అభిప్రాయమేమిటి, తేదీ, సమయం, సంతకం. ఇవన్నీ ఉంటే ప్రపంచంలో ఏ మూల కూర్చున్నవారైనా ఆ గీతను సరిగా అర్థం చేసుకోగలరు. మన వంతు మనమూ చేయవచ్చు. ఇంట్లో పెద్దవారి ఇ.సి.జి. కాగితాలు, మందుల చీటీలు పారేయకుండా తేదీల వరసన ఒక ఫైలులో దాచండి. ఈసారి గీతను పాత గీతతో పోల్చి చూడడం డాక్టరుకు ఎంతో ఉపయోగం.

మీరూ చేసి చూడండి

ఒక కాగితం మీద ఏడు గడులు గీయండి: తేదీ, సమయం, పేరు, వయసు, అంతకు ముందు చేస్తున్న పని, 30 సెకన్లలో నాడి, నిమిషానికి నాడి. పక్కన ఎనిమిదవదిగా 'నిర్ధారణ' గడి పెట్టండి. మణికట్టు మీద బొటనవేలి వైపున మూడు వేళ్లు ఆనిస్తే నాడి తెలుస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్న తరువాత ఒకసారి, బడి మెట్లు మూడుసార్లు ఎక్కి దిగిన తరువాత ఒకసారి లెక్కించండి. 30 సెకన్ల లెక్కను రెండుతో గుణించండి. ఇంట్లో తాతగారి నాడి, చిన్న తమ్ముడి నాడి కూడా రాయండి.

తరువాత 'వయసు', 'చేస్తున్న పని' గడులను చేత్తో మూసి, మిగిలిన అంకెలు మాత్రం మీ స్నేహితుడికి చూపించండి. 120 ఉన్నది ఎవరికి, ఎందుకు అని అడగండి. మెట్లెక్కిన మీదా? చిన్న తమ్ముడిదా? జ్వరం ఉన్నవారిదా? అతడు చెప్పలేడు. చెయ్యి తీసి గడులు చూపించండి, వెంటనే చెబుతాడు.

ఇక నిర్ధారణ గడి. మీకు కారణం తెలిస్తే రాయండి. తెలియకపోతే 'ఇంకా తేలలేదు' అని రాసి, ఎవరిని అడగాలో పక్కన రాయండి. ఆ పట్టికను మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఎర్ర సిరా గీత పడదు.